చేపల వేట వీడియోలకి కెమెరా ఎక్కడ బిగిస్తున్నారు? తలకా, ఛాతీకా, పడవకా?

బెండు_మునిగింది

నమస్తే అందరికీ. గాలం వేయడం చిన్నప్పటి నుంచీ ఉన్న పిచ్చే, వీడియో తీయడం మాత్రం ఈమధ్యే మొదలుపెట్టాను. గోప్రో హీరో 11 అనే చిన్న యాక్షన్ కెమెరా ఉంది. దానికి తోడు ఆన్‌లైన్‌లో దొరికే ఆ పెద్ద యాక్సెసరీ కిట్ ఒకటి తెప్పించాను, తెరిచి చూస్తే సగం ముక్కలు సైకిల్ హ్యాండిల్‌కీ హెల్మెట్‌కీ పనికొచ్చేవే, మిగతా సగం ఏమిటో కూడా తెలియట్లేదు.

కొన్నిసార్లు గట్టు మీద నిలబడి వేస్తాను, కొన్నిసార్లు చిన్న ఫైబర్ పడవలో వెళ్తాను, దానికి వెనక ఔట్‌బోర్డ్ మోటారు ఉంటుంది. ఎక్కువగా ఒంటరిగానే వెళ్తాను కాబట్టి కెమెరా పట్టుకునేవాళ్లు ఎవరూ ఉండరు. తలకి బెల్టు పెట్టుకుని తీసిన వీడియో చూపిస్తే మా ఆవిడ రెండు నిమిషాలకే కళ్లు తిరుగుతున్నాయి ఆపెయ్యమంది. ఛాతీ బెల్టుతో తీస్తే పడవలో కూర్చున్నంతసేపూ నా మోకాళ్లే. ఇక చేప పడిన క్షణం మాత్రం ఎప్పుడూ దొరకదు. అప్పటికి రికార్డింగ్ ఆఫ్‌లో ఉంటుంది, పోనీ ఆన్‌లోనే ఉంచితే బ్యాటరీ అయిపోయి ఉంటుంది.

అసలు ఏ మౌంట్లు పనికొస్తాయి, ఏవి దండగ? నీళ్లలో పడిపోతుందేమోనని టెన్షన్ కూడా ఉంది. వాడినవాళ్లు చెప్పండి, అమ్మేవాళ్లు రాసిందంతా చదివేశాను, అందులో అన్నీ అద్భుతాలే.

గట్టు_మీద_గురువు

ముందు ఆ ఛాతీ బెల్టుని మూల పడేయకు తమ్ముడూ. గట్టు మీద నిలబడి వేసేవాడికి దాన్ని మించింది లేదు. మోకాళ్లు కనిపించడం బెల్టు తప్పు కాదు, కట్టే ఎత్తులో ఉంది తిరకాసంతా. చాలామంది వదులుగా కడతారు, కాసేపటికి ప్లేటు పొట్ట మీదకి జారుతుంది, కూర్చోగానే లెన్స్ నేలచూపులు చూస్తుంది. ప్లేటు రొమ్ము ఎముక మీద, మెడ గుంట కింద నాలుగు వేళ్ల దూరంలో ఉండాలి, గట్టిగా ఊపిరి పీలిస్తే కాస్త బిగుతుగా తెలియాలి. కోణం చూసుకునేటప్పుడు నిటారుగా నిలబడి చూడొద్దు. గాలం కర్ర చేత్తో పట్టుకుని, రీల్ తిప్పేటప్పుడు ఎలా వంగుతావో అలా వంగి, అప్పుడు ఫోన్‌లో ప్రివ్యూ చూడు. ఫ్రేమ్ అడుగున రీల్ తిప్పే చెయ్యి, పై మూడో వంతులో అవతలి గట్టు వచ్చేలా తిప్పి స్క్రూ బిగించు. పడవలో కూర్చుని వేసేటట్టయితే లెన్స్‌ని ఇంకో 20, 30 డిగ్రీలు పైకెత్తాల్సి వస్తుంది.

ఛాతీ బెల్టుతో నిజమైన చిక్కు వేరే ఉంది. బరువైన చేప తగిలితే కర్ర అడుగుని పొట్టకి ఆనించుకుంటాం కదా, అప్పుడు ముంజేయి సరిగ్గా లెన్స్ ముందుకొస్తుంది, చేపతో పెనుగులాట మొత్తం చొక్కా చెయ్యే కనిపిస్తుంది. అందుకని నేను బ్యాగు పట్టీకి బిగించే క్లిప్‌కి మారాను, కర్ర పట్టే చేతికి అవతలి వైపు భుజం మీద. నాది కుడి చేత్తో కర్ర, ఎడమ చేత్తో రీల్, కాబట్టి ఎడమ భుజం. ఛాతీ మధ్య నుంచి జానెడు పైకీ పక్కకీ జరిగేసరికి చెయ్యి అడ్డం రావడం చాలా తగ్గింది. బ్యాగుకి ఛాతీ దగ్గర అడ్డపట్టీ ఉంటే అది కూడా పెట్టుకోవాలి, లేకపోతే విసిరిన ప్రతిసారీ పట్టీ లేచి పడుతుంది, దాంతో పాటు కెమెరా కూడా.

తల బెల్టుతో కళ్లు తిరగడానికి కారణం సింపుల్. మనం చూసేది కళ్లతో, అది చూసేది నుదుటితో. బెండు ఊగుతుంటే మనం తల దించం, కళ్లు మాత్రమే దించుతాం. కెమెరా ఆ సమయంలో అవతలి చెట్ల కొమ్మల్ని తీస్తూ ఉంటుంది. వెనక ఏదో చప్పుడైతే చటుక్కున తల తిప్పుతాం, మనకి అది గుర్తు కూడా ఉండదు, చూసేవాడికి మాత్రం కడుపులో తిప్పుతుంది. లెన్స్‌ని నుదుటి నుంచి బాగా కిందికి వంచి పెట్టు, టోపీ ముందంచుని వెనక్కి తిప్పు, వ్యూ లీనియర్‌లో పెట్టు, అంటే అంచులు వంగకుండా తీసే సెట్టింగ్. అప్పటికీ గంటల తరబడి తీయడానికి అది పనికిరాదు. కానీ ముడి వేయడం, ఎర గుచ్చడం, చేప నోట్లోంచి గాలం ముల్లు తీయడం, ఇలాంటి చేతిపనికి తల కెమెరాకి సాటి లేదు, ఎందుకంటే అప్పుడు తల కూడా చేతుల వైపే వంగి కదలకుండా ఉంటుంది. ఒక్కటే చూసుకో, ఈ కెమెరాల్లో ఫోకస్ ఫిక్స్‌డ్. సుమారు 30 సెంటీమీటర్లకంటే దగ్గరికి తెస్తే మసకబారుతుంది. చేపని లెన్స్ మీదకి తెచ్చి చూపించేవాళ్ల వీడియోల్లో పొలుసులు స్పష్టంగా లేకపోవడానికి అదే కారణం.

కర్రకే కెమెరా బిగించే క్లాంపులు అమ్ముతారు, వాటి జోలికి పోకు. 150 గ్రాముల పైన బరువు కర్ర మీద పెడితే చేప ముట్టింది చేతికి తెలియదు, పైగా వీడియో అంతా ఊగుతూనే ఉంటుంది. మణికట్టు పట్టీ, పళ్లతో కరిచి పట్టుకునే మౌంట్ కూడా అంతే. ఒకసారి సరదాకి బాగుంటాయి.

తెప్ప_నుంచి_పడవకి

గురువుగారు గట్టు గురించి చెప్పారు, నేను పడవ గురించి చెబుతాను. పడవలో ఒంటికి కెమెరా కట్టుకోవడం రెండో మాట. మొదట పడవకి ఒకటి బిగించుకోండి. చూసేవాళ్లకి మీ మొహం, కర్ర వంగడం, చేప నీళ్లలోంచి పైకి రావడం మూడూ ఒకే ఫ్రేములో కనిపించాలి, అది ఒంటి మీద కెమెరాకి ఎప్పటికీ రాదు. వెనక మూలలో, మీ తలకంటే కాస్త ఎత్తులో, భుజం మీదుగా ముందుకి చూసేలా ఒక కడ్డీ నిలబెట్టండి. అన్నిటికంటే ముఖ్యం, ఏ మూల అన్నది. విసిరే చేతి వైపు అస్సలు వద్దు. మా స్నేహితుడి పడవలో కడ్డీ కుడివైపే ఉండేది, విసరడానికి కర్ర వెనక్కి తీశాడు, ఎరకున్న మూడు ముళ్ల గాలం కెమెరా తాడుని పట్టుకుంది, అతను చూసుకోకుండా పూర్తి బలంతో ముందుకి విసిరాడు. కెమెరా క్లిప్‌లోంచి ఊడి మా ఇద్దరి తలల మధ్య నుంచి వెళ్లి నీళ్లలో పడింది. తాడు ఉంది కాబట్టి కెమెరా దొరికింది, కానీ ఆ ముళ్లు మా మొహాలకి ఎంత దగ్గరగా వెళ్లాయో వీడియోలో ఒక్కో ఫ్రేమ్ ఆపి చూస్తే చెమటలు పట్టాయి.

ఏ రకం మౌంట్ అంటే, రెండు చివరలా గుండు ఉండి మధ్యలో స్క్రూతో బిగించే చెయ్యి ఉంటుంది చూశారా, అది. మౌంట్లు చేసే ర్యామ్ కంపెనీ వాళ్లు దాన్ని బీ సైజు అంటారు, గుండు వ్యాసం 1 అంగుళం. పడవకీ కయాక్‌కీ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) దొరికే సామాను చాలావరకు ఆ సైజులోనే ఉంటుంది కాబట్టి ఫిష్ ఫైండర్ (నీళ్లలో చేపలెక్కడున్నాయో చూపించే పరికరం) స్టాండ్‌కి కొన్న ముక్కే రేపు కెమెరాకి కూడా పనికొస్తుంది. గోప్రో అడుగున వేళ్లలా ఉండే ముక్కలకి పట్టే అడాప్టర్ ఒకటి, 1/4 అంగుళం ట్రైపాడ్ స్క్రూ అడాప్టర్ ఒకటి ఉంటే ఏ కెమెరా అయినా ఎక్కుతుంది. రెయిలింగ్ ఉంటే పైపుకి బిగించే క్లాంప్ చాలు. పొడుగ్గా ఎటైనా వంగే గొట్టంలాంటి చేతులు వస్తాయి, ఫొటోల్లో భలే ఉంటాయి, మోటారు స్టార్ట్ చేయగానే గడగడలాడతాయి. చెయ్యి ఎంత పొట్టిగా ఉంటే వణుకు అంత తక్కువ. తెల్లవారుజామున వెలుతురు తక్కువ ఉన్నప్పుడు ఈ వణుకు ఇంకా పాడు చేస్తుంది, షట్టర్ నెమ్మదిస్తుంది కాబట్టి ప్రతి ఫ్రేమూ అలికినట్టు వస్తుంది, దాన్ని ఏ స్టెబిలైజేషనూ (కెమెరా తనంతట తనే వణుకు తగ్గించే సెట్టింగ్) బాగుచేయలేదు.

స్టెబిలైజేషన్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, చాలామంది పట్టించుకోని సంగతి ఇది. కెమెరా పడవకే బిగించి ఉన్నప్పుడు స్టెబిలైజేషన్ ఆపెయ్యండి, లేదా బాగా తగ్గించండి. కెమెరా, పడవ, మీరు ముగ్గురూ కలిసే ఊగుతున్నారు, అంటే ఫ్రేములో మీరు కదలనట్టే లెక్క. కానీ కెమెరాలోని గైరో అనే కదలిక సెన్సర్ నీటి ఊపుని పసిగట్టి దిగంతాన్ని స్థిరంగా ఉంచాలని చూస్తుంది, దాంతో మీరూ పడవా ఫ్రేములో అటూ ఇటూ ఈదుతుంటారు. ఒంటి మీదున్న కెమెరాకి మాత్రం ఫుల్‌గా పెట్టుకోండి.

వాక్యూమ్ కప్పు మౌంట్ నున్నటి ఫైబర్ మీదా అద్దం మీదా బాగానే పట్టుకుంటుంది, కాలు జారకుండా గరుకుగా చేసిన నేల మీద పట్టుకోదు. ఎండలో గంటలు గడిస్తే అదీ వదులవుతుంది కాబట్టి మధ్యమధ్యలో మళ్లీ నొక్కాలి. అంటించే మౌంట్ అయితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, అంటించాక 24 గంటలు బరువు పెట్టకుండా, నీళ్లు తగలకుండా వదిలేయాలి. అయితే చాలా కయాక్‌లు పాలిథిలీన్ ప్లాస్టిక్, దాని మీద ఏ జిగురూ నమ్మకంగా నిలవదు, అక్కడ కయాక్ అంచున ఉండే ట్రాక్ పట్టీకో స్క్రూకో వెళ్లాల్సిందే. ఇంకొకటి, ఇప్పుడు అయస్కాంతంతో టక్కున అతుక్కునే మౌంట్లు అందరూ తెస్తున్నారు. పడవలో దిక్సూచి ఉన్నా, ఫిష్ ఫైండర్‌కి హెడింగ్ సెన్సర్ ఉన్నా వాటికి దగ్గరగా పెట్టొద్దు, చూపే దిక్కు తప్పుతుంది. ఇసుకలో ఉండే ఇనుప రేణువులు కూడా ఆ అయస్కాంతం చుట్టూ గడ్డంలా పేరుకుంటాయి, తుడిస్తే ఓ పట్టాన పోవు.

ఉప్పునీళ్ల_మనిషి

పైన ఇద్దరూ బాగా చెప్పారు. కానీ ఒక విషయం ఎవరూ ఎత్తలేదు, అది మౌంట్ కంటే ముందు మాట్లాడాల్సింది. బెండు గారూ, మీరు పడవలో ఏ లైఫ్ జాకెట్ వేసుకుంటారు? గాలి నిండి ఉబ్బే రకమైతే దాని మీద ఛాతీ బెల్టు కట్టొద్దు. నీళ్లలో పడినప్పుడు లోపలి తిత్తి ఉబ్బడానికి చోటు కావాలి, పైన ఎలాస్టిక్ పట్టీలు బిగించి ఉంటే సరిగ్గా ఉబ్బదు, లేదా ఉబ్బి మీ ఛాతీనే నొక్కేస్తుంది. జాకెట్ కింద కట్టుకుంటే కెమెరాకి ఏమీ కనిపించదు. కాబట్టి ఆ జాకెట్ వేసుకునేవాళ్లకి తలా పడవా, ఈ రెండే దారులు. ఫోమ్ జాకెట్ అయితే పైన కట్టుకోవచ్చు, బకిల్ ఒక్క చేత్తో విప్పేలా ఉందో లేదో ఒడ్డు మీదే చూసుకోండి. భుజం క్లిప్‌కి కూడా ఇదే లెక్క, గురువుగారు గట్టు మీద ఉంటారు కాబట్టి ఆయనకి ఈ గొడవ లేదు.

పడిపోవడం గురించి అడిగారు. కెమెరా తేలదు, రాయిలా మునుగుతుంది. 2016లో వచ్చిన హీరో 5 బ్లాక్ నుంచీ గోప్రో నంబరు కెమెరాలు పైన కేస్ లేకుండానే 10 మీటర్ల దాకా తట్టుకుంటాయి, డీజేఐ కంపెనీ యాక్షన్ 4 అయితే 18 మీటర్లు, యాక్షన్ 5 ప్రో 20 మీటర్లు. కానీ బురద నీళ్లలో మూడు మీటర్ల అడుగున ఉన్నా మనకి కనపడదు, తట్టుకుని ఏం లాభం. తేలే హ్యాండిల్, వెనక అంటించే నారింజ రంగు ఫోమ్ ముక్క, రెండూ దొరుకుతాయి. అయితే ఫోమ్ ముక్క లెక్కేసేది కెమెరా ఒక్కదాని బరువే. దానికి ఇనుప స్క్రూ, అల్యూమినియం చెయ్యి, అదనపు గ్రిప్ తగిలిస్తే అన్నీ కలిసి చక్కగా మునుగుతాయి. ఇంట్లో బకెట్ నిండా నీళ్లు పోసి, మీరు వాడే సెటప్ మొత్తం అలాగే వదిలి చూడండి.

తాడు తప్పనిసరి, అది కట్టే చోటు కూడా ముఖ్యం. చాలామంది మౌంట్‌కి కడతారు, ఊడేదే మౌంట్ దగ్గర కదా! ఒక కొస కెమెరా చుట్టూ ఉండే ఫ్రేముకి, రెండో కొస మౌంట్‌తో సంబంధం లేకుండా పడవలో గట్టి కొక్కేనికి ఉండాలి. పొడవు మోటారు ఫ్యాన్ దాకా చేరకుండా చూసుకోండి. మరీ వదులుగా వేలాడితే పైన చెప్పినట్టు గాలం దానికే తగులుకుంటుంది, కాబట్టి కడ్డీకి చుట్టి టేపు వేయండి.

ఉప్పునీళ్లలో వేస్తే ఇంటికి రాగానే కెమెరా బ్యాటరీ తలుపు మూసి ఉండగానే మంచినీళ్లలో కాసేపు నానబెట్టి, పూర్తిగా ఆరాకే తలుపు తెరవాలి. బొటనవేలి స్క్రూలు, క్లాంపుల్లో స్ప్రింగులు కూడా కడగాలి, కెమెరాకంటే ముందు తుప్పు పట్టేవి అవే. బ్యాటరీ తలుపు చుట్టూ రబ్బరు అంచు ఉంటుంది, దాని మీద ఒక్క వెంట్రుకో ఇసుక రేణువో ఉన్నా నీళ్లు దారి చేసుకుంటాయి. పడవలో బ్యాటరీ మార్చాల్సి వస్తే ముందు చేతులు తుడుచుకుని, కెమెరాని తలుపు కిందివైపుకి ఉండేలా పట్టుకుని తెరవండి, పైన నిలిచిన చుక్కలు లోపలికి పోకుండా.

బెండు_మునిగింది

అన్నా, ఉబ్బే జాకెట్టే నాది. ఇన్నాళ్లూ దాని మీదే బెల్టు కట్టాను, ఈ మాట ఇంకెక్కడా చదవలేదు. చాలా థ్యాంక్స్. అయితే పడవలో కడ్డీ, గట్టు మీద భుజం క్లిప్, అంతవరకు క్లియర్.

ఇంకా రెండు మిగిలాయి. చేప పడిన క్షణాన్ని పట్టుకోవడం ఎలా, అలాగే లెన్స్ మీద నీటి చుక్కలు. ఎంత తుడిచినా సరిగ్గా చేప పైకొచ్చేసరికి మధ్యలో ఓ చుక్క ఉంటుంది. లెన్స్ ముందు పోలరైజర్ ఫిల్టర్ (నీటి మీది మెరుపు తగ్గించే అద్దం) వేస్తే నీళ్లలో చేప కనిపిస్తుందంటున్నారు, అది నిజమేనా?

కోత_బల్ల

నేను వేటగాణ్ని కాదు, మా బావమరిది తెచ్చే ఫుటేజీని కూర్చుని కోసేవాణ్ని, కాబట్టి నా బాధలన్నీ అటువైపువి.

చేప పడే క్షణానికి మీ హీరో 11లోనే మందుంది. హైండ్‌సైట్ అని సెట్టింగ్, 15 సెకన్లు లేదా 30 సెకన్లు పెట్టుకోవచ్చు. మీరు బటన్ నొక్కగానే నొక్కడానికి ముందు జరిగిన ఆ 30 సెకన్లు కూడా ఫైల్లోకి వచ్చేస్తాయి. మిగతా కంపెనీల కెమెరాల్లోనూ ప్రీ రికార్డ్ పేరుతో ఇదే ఉంటుంది. అంటే బెండు మునగడం చూసి, కర్ర లాగి, చేప తగిలిందని ఖాయమయ్యాక నింపాదిగా నొక్కినా ముందుదంతా దొరుకుతుంది. నాకు వచ్చే ఫైళ్లు గంటల నుంచి నిమిషాలకి తగ్గాయి, దీనికే సగం ఆయుష్షు పెరిగింది. కాకపోతే కెమెరా లోపల నిద్రపోకుండా తీస్తూనే ఉంటుంది కాబట్టి బ్యాటరీ దాదాపు రికార్డింగ్‌లో ఉన్నట్టే ఖర్చవుతుంది. ఆదా అయ్యేది కార్డు, బ్యాటరీ కాదు. లూప్ రికార్డింగ్ కూడా అంతే, 5 నిమిషాల లూప్ పెడితే పాతది చెరుపుకుంటూ పోతుంది, చేప పడ్డాక ఆపితే చివరి ఐదు నిమిషాలు మిగులుతాయి.

కాబట్టి మౌంట్లకంటే ముందు అదనపు బ్యాటరీలు కొనండి. పడవలో కడ్డీకి ఉన్న కెమెరాకైతే వైరు పట్టే చిల్లు ఉన్న తలుపు పెట్టి పవర్ బ్యాంక్ నుంచి ఇవ్వొచ్చు, కానీ ఆ తలుపుతో కెమెరా నీళ్లలో మునిగితే అంతే సంగతులు, చినుకులు మాత్రమే ఆపుకుంటుంది. జీపీఎస్, వైఫై ఆపేసి, స్క్రీన్ నిమిషానికే ఆరిపోయేలా పెట్టుకోండి. 4కెలో సెకనుకి 60 ఫ్రేములు అక్కర్లేదు, 30 చాలు. ఎండలో గాలి ఆడకుండా ఒకే చోట నిలబెట్టిన కెమెరా వేడెక్కి తనంతట తనే ఆగిపోతుంది, అది ఆగిన సంగతి మీకు సాయంత్రం దాకా తెలియదు. కార్డు విషయంలో లెక్క తేలికే, సెకనుకి 60 మెగాబిట్ల రికార్డింగ్ అయితే గంటకి 27 జీబీ, 120 అయితే 54. కార్డు మీద వీ30 అని (రాసే వేగం గుర్తు) ఉండాలి, ప్రతిసారీ కెమెరాలోనే ఫార్మాట్ చేయాలి.

చుక్కల సంగతి. అద్దం పొడిగా ఉంటే చుక్క గుండ్రంగా నిలబడిపోతుంది. నీళ్లు నిలవకుండా జారిపోయే కోటింగ్ ఒక దారి. ఏమీ లేకపోతే నాలుకతో ఒకసారి లెన్స్ నాకండి, నవ్వకండి, చాలామంది చేసే పనే. ఉమ్మి పొర వల్ల నీళ్లు చుక్కగా ముడుచుకోకుండా పలచగా పరుచుకుంటాయి, కాసేపు పని జరుగుతుంది. ఉప్పునీళ్లలో మాత్రం కోటింగే మేలు. చుక్కలకంటే నన్ను ఎక్కువ ఏడిపించేది చేప జిగురు. చేప పట్టుకున్న చేత్తో బటన్ నొక్కుతారు, వేలు లెన్స్‌కి తగులుతుంది, అక్కడి నుంచి వీడియో అంతా పొగమంచే. దాన్ని చొక్కా అంచుతో రుద్దితే ఇంకా పరుచుకుంటుంది. ముందు నీళ్లు పోసి, తర్వాత మైక్రోఫైబర్ గుడ్డతో అద్దండి, ఆ గుడ్డని ఎరల డబ్బాలో కాకుండా విడిగా జిప్ కవర్లో పెట్టుకోండి.

పోలరైజర్ పనిచేస్తుంది, కానీ అమ్మేవాళ్లు చెప్పేంత కాదు. నీటి మీద మెరుపు బాగా తెగేది నీటి మట్టానికి దాదాపు 37 డిగ్రీల కోణంలో కిందికి చూసినప్పుడు. ఎత్తు నుంచి వంగి చూసే కడ్డీ కెమెరాకి అది కుదురుతుంది. ఛాతీ మీది కెమెరా దూరంగా అడ్డంగా చూస్తుంది, మీరు ఒళ్లు తిప్పినప్పుడల్లా దాని ప్రభావం మారిపోతుంది. వైడ్ యాంగిల్‌లో ఆకాశం ఒకచోట నల్లగా, ఒకచోట తెల్లగా వస్తుంది. పైగా వెలుతురుని ఒకటి రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుతురు సగమవుతుంది) మింగేస్తుంది, కాబట్టి పొద్దున్నే, సాయంత్రం ఆ ఫిల్టర్ ఊడదీసెయ్యాలి.

గాలి హోరుకి బొచ్చు కవర్ వేస్తే కొంత తగ్గుతుంది. ఛాతీ బెల్టు గుడ్డకి రాసుకునే గరగర మాత్రం పోదు. మాట్లాడేది ముఖ్యమైతే వైర్‌లెస్ మైక్ కాలర్ లోపలివైపు పెట్టండి. కానీ రీల్ టిక్‌టిక్‌మనడం, లైను సర్రుమని పోవడం తీసెయ్యకండి, వేట వీడియోకి ప్రాణం అదే.

గుండ్రంగా_చూద్దాం

ఇంత గొడవ లేకుండా, రెండు లెన్సులతో చుట్టూ ఒకేసారి తీసే 360 కెమెరా కడ్డీ మీద పెట్టేస్తే సరిపోదా? విసిరేది, చేప పైకొచ్చేది, మొహం, అన్నీ వస్తాయి, ఎటు చూపించాలో తర్వాత ఫోన్‌లో తేల్చుకోవచ్చు, కడ్డీ కూడా మాయమవుతుంది.

తెప్ప_నుంచి_పడవకి

సరిపోతుంది, ఒప్పుకుంటాను, ఒంటరిగా వెళ్లేవాళ్లకి మరీను. కానీ లెన్సులు రెండూ బయటికి ఉబ్బి ఉంటాయి, పడవలో ఎక్కడ ఆనించినా గీత పడుతుంది. చేప తోక కొట్టిన నీళ్లు ఎటు నుంచి వచ్చినా ఏదో ఒక లెన్స్ మీద పడతాయి, చుక్క సరిగ్గా రెండూ కలిసే అతుకు దగ్గర పడితే ఏ సాఫ్ట్‌వేరూ కాపాడదు. ఇంటికొచ్చాక ఎడిటింగ్‌కి ఓపిక కూడా ఉండాలి. ఆయన దగ్గర ఉన్న కెమెరాతో ముందు మొదలుపెట్టనివ్వండి.

బెండు_మునిగింది

అదే అనుకుంటున్నా. గుండు మౌంట్ చెయ్యి ఒకటి, ఎడమ మూలకి క్లాంప్, భుజం క్లిప్, రెండు బ్యాటరీలు, తాడు, ఫ్రేము. కిట్‌లోంచి తేలే హ్యాండిల్ ఒక్కటీ ఉంచుకుని మిగతావి మా మేనల్లుడి సైకిల్‌కి ఇచ్చేస్తా.

చివరిగా ఒకటి. చేపని తిరిగి నీళ్లలోకి వదిలేటప్పుడు కింద నుంచి తీసిన షాట్లు భలే ఉంటాయి. దానికి ప్రత్యేకంగా ఏమైనా కావాలా? ఆ సగం నీళ్లు సగం ఆకాశం కనిపించేలా తీయడానికి గోళం లాంటిది అమ్ముతున్నారు కదా.

ఉప్పునీళ్ల_మనిషి

గోళం అంటే డోమ్. నీటి అంచుని లెన్స్ నుంచి దూరంగా నెట్టడానికి పనికొస్తుంది, అలలు లేని చోట బాగుంటుంది. కానీ లోపలంతా గాలే కాబట్టి ముంచడానికి బలంగా నొక్కాలి, ఒక చేత్తో చేప పట్టుకుని రెండో చేత్తో దాన్ని నొక్కడం మా వల్ల కాలేదు. ఇంకో మనిషి ఉన్న రోజున చూసుకోండి.

వదిలే షాట్‌కి మీ తేలే హ్యాండిల్ చాలు. రికార్డింగ్ నీళ్ల పైనే నొక్కి తర్వాత ముంచండి, ఫోన్‌తో నొక్కుదామంటే వైఫై నీళ్లలో జానెడు కూడా పోదు. ముంచాక లెన్స్ చుట్టూ అంటిన బుడగలు పోవడానికి ఒకసారి విదిలించండి. కెమెరా చేపకి మూరెడు దూరంలో, దాని తల కంటే కింద, లెన్స్ కాస్త పైకి చూస్తూ ఉండాలి, అప్పుడు వెనక పైనుంచి వచ్చే వెలుగు పడుతుంది. చేపని తడి చేతులతోనే పట్టుకోండి, షాట్ కోసం పైకి తీసి మళ్లీ ముంచొద్దు. బురద నీళ్లయితే ఆ రోజుకి ఆ షాట్ మానేయండి, ఏమీ రాదు. వదిలాక కెమెరాని వెంటనే తీసెయ్యకుండా కొన్ని సెకన్లు అలాగే ఉంచండి, కొన్ని చేపలు వెళ్లబోయి ఆగి, తిరిగి లెన్స్ దగ్గరికొచ్చి మరీ వెళ్తాయి.